ఇల్లు చేరని వీరేన్

1937 సెప్టెంబరు 2న సోవియట్ సుప్రీంకోర్టు సైనిక విభాగం ఒక హైదరాబాదు మనిషికి మరణశిక్ష వేసింది. శిక్ష ఆ రోజే అమలైంది. ఆయన తరఫున మాట్లాడడానికి వకీలు లేడు, పై కోర్టుకు పోయే దారి లేదు, కడసారి చూపుకు అయినవాళ్ళు లేరు. వయసు యాభై ఆరేళ్ళు. పేరు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. యూరప్ అంతా చట్టో అని పిలిచింది. ఇంట్లోవాళ్ళకు వీరేన్. సరోజినీ నాయుడు తమ్ముడు, అక్కకంటే ఇరవై నెలలు చిన్న.

చివరేమిటో ముందే చెప్పేశాను. దాచడానికేమీ లేదు. ఈ కథలో వెలుతురు పడిన ప్రతి చోటా ఆ సెప్టెంబరు నీడ ముందే వచ్చి నిలబడి ఉంటుంది. హిట్లరు అడుగుల చప్పుడు దగ్గరవుతున్న బెర్లిన్‌ను వదిలి, లోకంలో అన్నిటికంటే భద్రమనుకున్న చోటికి పోయి, అక్కడే కూలిపోయినవాడి కథ ఇది.

నేనుండేది ఖతర్‌లో, దోహాకు నలభై కిలోమీటర్ల దక్షిణాన ఉన్న మెసయీద్‌లో. ఎరువుల కర్మాగారం, ఉక్కు, అల్యూమినియం, చమురు శుద్ధి. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇసుక దిబ్బలు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కడప, కోనసీమ, అన్ని ప్రాంతాల మనవాళ్ళూ ఇక్కడ కనిపిస్తారు. శుక్రవారం మధ్యాహ్నం కోడికూర వండుకుని తిన్నాక క్యాంపు గదుల్లో రాజకీయాలు మొదలవుతాయి. ఒకడు ఇంకొకణ్ణి ఫాసిస్టు అంటాడు. వాడు వీణ్ణి కమ్యూనిస్టు అంటాడు. ఫోన్లలో నేర్చుకున్న తిట్లు అవి. ఆమధ్య జగిత్యాల కుర్రాడొకడు అడిగాడు: "అన్నా, ఆ రెండూ ఒక్కటే గదనే? గాళ్ళూ సంపిండ్రు, గీళ్ళూ సంపిండ్రు. ఇగ ఫరకేంది?" దానికి పుస్తకాల్లో జవాబులు చాలా ఉన్నాయి. నాకు మాత్రం వీరేన్ గుర్తొస్తాడు. ఆ రెండు సిద్ధాంతాల మధ్య ఉన్న తేడా, ఆ రెండు రాజ్యాల మధ్య ఉన్న పోలిక, రెండూ ఆ ఒక్క మనిషి బతుకు మీదుగా నడిచిపోయాయి.

తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఎడిన్‌బరోలో సైన్సు డాక్టరేటు తీసుకుని నిజాం రాజ్యానికి వచ్చి, తరవాతి కాలంలో నిజాం కాలేజీగా పేరుపడ్డ విద్యాలయానికి పునాది వేసిన పెద్దమనిషి. చాందా రైల్వే పథకాన్ని ప్రశ్నించినందుకు 1883లో ఆయన్ను హైదరాబాదు నుంచి వెళ్ళగొట్టారు. తరవాత రానిచ్చారు. అంటే నోరు విప్పినవాడు ఊరు విడవాలన్న సంగతి వీరేన్‌కు మూడేళ్ళు నిండకముందే ఇంట్లో తెలిసింది. ఆబిడ్స్‌లోని ఆ ఇల్లు, ఇప్పుడు గోల్డెన్ త్రెషోల్డ్ అని పిలుస్తున్నామే, ఎప్పుడూ పండితులతో, ఫకీర్లతో, కవులతో, వాదోపవాదాలతో నిండి ఉండేదట. అఘోరనాథ్‌కు రసవాదం మీద మోజు, రాగిని బంగారం చేయాలని తపన. ఎనిమిది మంది పిల్లలు. బెంగాలీ కుటుంబమే కానీ, ఆ ఇంట్లో పెద్దకొడుకు నోట తెలుగు, ఉర్దూ, తమిళం, పారసీ, హిందీ అన్నీ ఆడేవి. తరవాత ఫ్రెంచి, జర్మను, ఇటాలియను, స్వీడిషు, రష్యను వచ్చి చేరాయి. అన్ని భాషలు వచ్చినవాడికి కడపట ఏ భాషలో మొరపెట్టుకున్నా వినేవాడు కరువయ్యాడు.

1902లో ఇంగ్లండు వెళ్ళాడు. ఐసీఎస్ చదివి కలెక్టరై తిరిగి రావాలన్నది ఇంటివాళ్ళ కోరిక. ఆ తరం మధ్యతరగతి కలలన్నీ అటే పోయేవి. ఆయన దారి మటుకు లండన్‌లోని ఇండియా హౌస్ వైపు మళ్ళింది. అక్కడ శ్యామ్‌జీ కృష్ణవర్మ, అక్కడే సావర్కర్. 1909 జులై 1న మదన్‌లాల్ ధింగ్రా బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీని కాల్చి చంపాడు. లండన్ భారతీయులు భయంతో గొంతు సవరించుకుంటూ ఖండన ప్రకటనలు ఇస్తున్నప్పుడు, వీరేన్ సావర్కర్ పక్షాన టైమ్స్ పత్రికకు లేఖ రాశాడు. దాంతో లా చదువుతున్న మిడిల్ టెంపుల్ సంస్థ ఆయన్ను వెలివేసింది. మరుసటి ఏడాది పారిస్ చేరాడు. ఇంగ్లండు దిగినప్పటి నుంచి చనిపోయేదాకా ముప్ఫై అయిదేళ్ళు. అందులో ఒక్కసారి కూడా మన నేల తొక్కలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన జర్మనీలో ఉన్నాడు. శత్రువుకు శత్రువు మిత్రుడన్న లెక్కతో బెర్లిన్‌లో భారత స్వాతంత్ర్య కమిటీ పెట్టారు. బ్రిటిష్ గూఢచారులు ఆయన వెంట పడ్డారు, స్విట్జర్లాండ్‌లో హతమార్చాలనీ చూశారు. అదే గూఢచారి పనిలో అక్కడున్న రచయిత సోమర్‌సెట్ మామ్ తరవాత 'ఆషెండెన్' కథల్లో ఒక భారతీయ విప్లవకారుణ్ణి చిత్రించాడు. ఆ పాత్రకు మూలం వీరేనే. కథలో ఆ మనిషి విషం మింగి చనిపోతాడు. తన చావును ఇంకొకరు ఊహించి రాసిన పుస్తకం 1928లో అచ్చయి బజారుకొచ్చినప్పుడు వీరేన్ బెర్లిన్‌లో, చిరిగిన కోటుతో, నవ్వుతూ తిరుగుతున్నాడు. అసలు చావు రాసినవాడి ఊహకు అందలేదు.

యుద్ధం అయ్యాక రష్యా విప్లవం ఆయన కళ్ళ ముందు నిలిచింది. 1921లో మాస్కో వెళ్ళాడు, భారత విప్లవం ఎలా రావాలో తన మాట వినిపించాలని. అప్పటికే అక్కడ పాతుకున్న భారత కమ్యూనిస్టు ఎం.ఎన్. రాయ్‌తో పొత్తు కుదరలేదు. ఉత్త చేతులతో బెర్లిన్ తిరిగొచ్చాడు. ఆ రోజుల్లోనే అమెరికా రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీ ఆయన జీవితంలోకి వచ్చింది. కొన్నేళ్ళు కలిసి బతికారు. అది ప్రేమా, పోట్లాటా అన్నది వాళ్ళకే తెలియదన్నంతగా ఉండేది ఆ కాపురం. విడిపోయాక 'డాటర్ ఆఫ్ ఎర్త్' నవలలో ఆమె ఆయన్ను ఆనంద్ అన్న పేరుతో దాచుకుంది.

నెహ్రూ ఆత్మకథలో చట్టో గురించి ఒక చోట రాశాడు. చేతిలో ఎప్పుడూ డబ్బుండేది కాదనీ, బట్టలు నలిగి వెలిసిపోయి ఉండేవనీ, పూట గడవడమే కష్టమయ్యేదనీ, అయినా ఆ మనిషిలో హాస్యం ఎండిపోలేదనీ. యూరప్‌లో కలిసిన ప్రవాసుల్లో బుద్ధిబలంతో తనను ఆకట్టుకున్నవాళ్ళు ఇద్దరే, చట్టో, రాయ్ అని కూడా. అప్పుడప్పుడు ఇంటి మీద బెంగ ఆయన్ను కమ్మేసేదట. ఆ పుస్తకం 1936లో వచ్చింది. ఇంకొక్క ఏడాది.

ఇంటికి ఎందుకు రాలేదు? వస్తే బ్రిటిష్ వాళ్ళు జైల్లో వేస్తారు కనుక. చేతిలో పనికొచ్చే పాస్‌పోర్టు లేదు కనుక. దేశంలేని మనిషికి పాస్‌పోర్టు విలువ ఏమిటో మెసయీద్‌లో వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ చట్టం ప్రకారం యజమాని కార్మికుడి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. అయినా అది కంపెనీ బీరువాలో ఇరుక్కుపోయి, అమ్మ చనిపోయిందని కబురొస్తే విమానం ఎక్కలేక గోడకు తల ఆనించి ఏడ్చినవాళ్ళు ఈ గల్ఫ్ దేశాల్లో కోకొల్లలు. మావాళ్ళ భాషలో చెప్పాలంటే వీరేన్ ముప్ఫై ఏళ్ళు కల్లివెల్లి మనిషి, అంటే సరైన కాగితాల్లేని మనిషి. 1915లో తండ్రి పోయాడు. పెద్దకొడుకు యుద్ధం నడుమ జర్మనీలో ఉన్నాడు.

ఇక్కడ ఆగి రాయ్ వైపు చూడాలి. చూసినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. 1929లో రాయ్‌ను మాస్కోలోని కమ్యూనిస్టు అంతర్జాతీయ సంస్థ కామింటర్న్ వెళ్ళగొట్టింది. ఆయన దొంగచాటుగా ఇండియా వచ్చాడు. 1931లో బ్రిటిష్ పోలీసులు పట్టుకున్నారు. అయిదేళ్ళకు పైగా జైలు. ఆరోగ్యం పాడయింది, కానీ 1936 చివర్లో ప్రాణాలతో బయటికొచ్చాడు, ఇంకో పదిహేడేళ్ళు బతికాడు. ఆయన్ను కాపాడింది బ్రిటిష్ జైలే అంటే వినడానికి ఎంత వికారంగా ఉంటుంది! వీరేన్ ఆ జైలును తప్పించుకున్నాడు. వచ్చి ఉంటే? కాన్పూరు కాంగ్రెసుకు 1925లో అధ్యక్షత వహించిన అక్క ఉంది, నెహ్రూ ఉన్నాడు, ఆరేళ్ళో ఎనిమిదేళ్ళో శిక్ష పడేది. యాభై నాలుగో ఏటో యాభై అయిదో ఏటో విడుదలై నాంపల్లి స్టేషన్లో రైలు దిగేవాడు.

రాలేదు.

ఆయన బతుకులో అన్నిటికంటే వెలుగున్న కాలం 1927. ఆ ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో వలస దేశాల మహాసభ జరిగింది. సామ్రాజ్యవాద వ్యతిరేక సమితి అక్కడే పుట్టింది. ఐన్‌స్టైన్ గౌరవాధ్యక్షుడు, కూడగట్టినవాడు జర్మన్ కమ్యూనిస్టు విల్లీ మున్‌జెన్‌బర్గ్, కాంగ్రెసు తరఫున నెహ్రూ. చైనావాళ్ళు, ఆఫ్రికావాళ్ళు, ఇండోనేషియావాళ్ళు, యూరప్ కార్మిక నాయకులు, రచయితలు ఒకే కప్పు కింద. వీరేన్ ఆ సమితి కార్యదర్శుల్లో ఒకడయ్యాడు. కమ్యూనిస్టు, సోషలిస్టు, గాంధేయుడు ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగారు. కూర్చున్నారు కూడా. రంగు ఏదైనా జాతి ఏదైనా మనిషి మనిషే అన్న మాట ఒక సిద్ధాంతంగా కాక, పక్కపక్క కుర్చీలుగా కనిపించిన రోజులవి. ఆ గదిలోనే నిలిచిపోతే బాగుండేది చరిత్ర.

1928లో మాస్కో నుంచి కొత్త దారి ఆజ్ఞాపత్రంగా వచ్చింది. పెట్టుబడిదారీ వ్యవస్థ కూలబోతోంది, ఇక మధ్యేమార్గం లేదు, సోషల్ డెమోక్రాట్లు కూడా ఫాసిస్టులే అన్నారు. 'సోషల్ ఫాసిస్టులు' అని పేరు పెట్టారు. అసలు ఫాసిస్టు వీధిలో బూట్లు తొడుక్కుంటుంటే, పక్కింటి కార్మికుణ్ణి ఫాసిస్టు అని వేలు చూపించారు. బ్రస్సెల్స్ బల్ల రెండుగా చీలింది. గాంధీ ద్రోహి, నెహ్రూ రాజీపడినవాడు అని సమితి తిట్టింది. తిట్లు మోసిన ఉత్తరాల్లో వీరేన్ రాసినవీ ఉన్నాయి. 1930లో నెహ్రూ ఆ సమితితో బంధం తెంచుకున్నాడు. పార్టీ గీసిన గీతను దాటని క్రమశిక్షణతో వీరేన్ తన ఇంటి దారిలో ఉన్న ఆఖరి దీపాన్ని తన చేత్తోనే ఆర్పుకున్నాడు.

జర్మనీలో జరిగినదీ అదే, పెద్ద ఎత్తున. 1932 నవంబరు ఎన్నికల అంకెలు చూడండి. నాజీలకు 196 స్థానాలు. సోషల్ డెమోక్రాట్లకు 121, కమ్యూనిస్టులకు 100. రెండూ కలిస్తే 221. కలవలేదు. సోషల్ డెమోక్రాట్లు కూడా మచ్చలేనివాళ్ళు కారు. 1929 మే నెలలో బెర్లిన్ వీధుల్లో కార్మికుల మీద కాల్పులు జరిపింది వాళ్ళ చేతిలో ఉన్న పోలీసే. ఆ నెత్తురు మరవడం కమ్యూనిస్టులకు తేలిక కాదు. కానీ కాలం ఎవరి గాయం మానేదాకానూ ఆగదు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. మార్చి 3న కమ్యూనిస్టు నాయకుడు థేల్మన్‌ను పట్టుకున్నారు. పదకొండేళ్ళు జైల్లో పెట్టి 1944లో బూకెన్‌వాల్డ్‌లో కాల్చేశారు. మే 1ని హిట్లర్ జీతంతో కూడిన సెలవుగా ప్రకటించి ఊరేగింపులు తీయించాడు. మే 2న కార్మిక సంఘాల ఆఫీసులన్నీ స్వాధీనం చేసుకుని, నాయకుల్ని జైళ్ళకు తోలాడు.

జగిత్యాల కుర్రాడు అడిగిన ఫరకు ఇక్కడ కనిపిస్తుంది. ఫాసిజం ఎప్పుడూ సమానత్వం ఇస్తానని చెప్పలేదు. జాతి గొప్పది, నాయకుడు గొప్పవాడు, బలవంతుడు ఏలాలి, బలహీనుడు లొంగాలి, యుద్ధం మగతనం అని 1922లో ముస్సోలినీ రోమ్‌లో అధికారం ఎక్కిన నాటి నుంచి నోరారా చెప్పింది. ఫ్యాక్టరీ యజమాని యజమానిగానే ఉంటాడు, రాజ్యం మాట వింటే చాలు. కొందరు మనుషులు మనుషులే కారని దాని జర్మన్ రూపం పుస్తకం రాసి మరీ చెప్పింది. తరవాత చేసి చూపించింది. చెప్పింది చెప్పినట్టు చేసింది కనుక దాని మీద మోసం కేసు పెట్టలేం.

కమ్యూనిజం చెప్పింది దానికి పూర్తిగా తలకిందులు. భూమి, యంత్రం అందరివీ కావాలి, జాతుల గోడలు కూలాలి, చివరికి రాజ్యమనేదే అక్కర్లేకుండా పోవాలి అంది. ఆ మాట విని నల్గొండ రైతు, విజయవాడ కూలీ, హార్లెం నల్లవాడు, షాంఘై విద్యార్థి తలెత్తారు. ఆ మాట చెప్పిన రాజ్యంలోనే ఒకే పార్టీ, ఒకే గొంతు, రహస్య పోలీసు, శిబిరాలు మిగిలాయి. 1932-33లో బలవంతపు ధాన్య సేకరణ కింద ఉక్రెయిన్ పల్లెల్లో లక్షలమంది ఆకలితో చచ్చిపోయారు. చచ్చినవాడికి తేడా లేదన్నది నిజం. కానీ మిగిలినవాళ్ళ దుఃఖంలో తేడా ఉంది. ఫాసిజం పాడైపోయిందని ఎవరూ ఏడవరు, అది మొదటి నుంచీ అదే. రెండోదాని కోసం ఏడ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఆ ఏడుపుకు హక్కుందా అని నన్ను నేను అడుగుతూనే ఉంటాను. ఉక్రెయిన్ తల్లి ముందు నిలబడి అయితే నోరెత్తలేను.

1931లో వీరేన్ బెర్లిన్ వదిలి మాస్కో చేరాడు. బెర్లిన్ వీధుల్లో నాజీల గోధుమరంగు చొక్కాలు పెరిగిపోతున్న రోజులు. ముందు చూపున్న నిర్ణయమే అనిపిస్తుంది. ఆయన చెల్లెలు సుహాసిని మాజీ భర్త ఏ.సీ.ఎన్. నంబియార్ బెర్లిన్‌లోనే ఉండిపోయాడు. 1933లో జర్మన్ పార్లమెంటు రైష్‌స్టాగ్ భవనం తగలబడగానే నాజీలు అతన్ని పట్టుకుని కొట్టి జైల్లో పెట్టారు. కొద్దికాలానికి వదిలేసి దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఇలా పులి నోట్లో తల పెట్టిన నంబియార్ చాలాకాలం బతికి, స్వతంత్ర భారతం తరఫున పశ్చిమ జర్మనీలో రాయబారి అయ్యాడు. పులికి దూరంగా పారిపోయినవాడికి ఇంకో నాలుగేళ్ళు మాత్రమే మిగిలాయి. డజను భాషలు వచ్చిన ఆ మనిషిని స్వతంత్ర భారతం ఏ దేశానికి పంపేదో అన్న ఊహ వద్దన్నా వస్తుంది.

లెనిన్‌గ్రాడ్‌లో నేవా నది ఒడ్డున, పీటర్ చక్రవర్తి నాటి మ్యూజియంలో, మానవశాస్త్ర సంస్థ ఉండేది. అక్కడ భారత విభాగం బాధ్యత వీరేన్‌కు ఇచ్చారు. లిడియా కరునోవ్‌స్కయా అనే పరిశోధకురాలిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఇండోనేషియా ప్రజల జీవనం మీద పని చేసేది. పుస్తకాలు, విద్యార్థులు, వెచ్చని గది. యాభై దాటాక మొదటిసారి నెలనెలా జీతం. పైకి చూస్తే ప్రశాంతమైన జీవితం. లోపల మాత్రం తనను ఉద్యమం నుంచి పక్కన పెట్టేశారన్న బాధ. 1933-34లో సోవియట్ దేశం వచ్చిన స్మెడ్లీ ఆయన్ను ఆఖరిసారి చూసింది. 1934 మార్చిలో లెనిన్ గురించిన తన జ్ఞాపకాల మీద ఆయన ప్రసంగించాడు. ఆ డిసెంబరు 1న అదే ఊళ్ళో పార్టీ నాయకుడు కిరోవ్‌ను కాల్చి చంపారు. ఆ రోజే ఒక శాసనం వచ్చింది. ఉగ్రవాద కేసుల్లో వకీలు ఉండడు, అప్పీలు ఉండదు, తీర్పు వచ్చిన వెంటనే శిక్ష. వీరేన్ మెడకు ఉరి ఆ కాగితం మీదే పేనడం మొదలైంది. ఆయనకు తెలియదు. నేవా మీద మంచు గడ్డకడుతుంటే మ్యూజియంకు నడిచి వెళ్ళి, భారతీయ వస్తువుల మధ్య కూర్చుని పని చేసుకుంటూనే ఉన్నాడు.

1935 సెప్టెంబరులో ఆయన జార్జి దిమిత్రోవ్‌కు ఉత్తరం రాశాడు. మూడేళ్ళుగా కామింటర్న్ పనికి నన్ను దూరం పెట్టారు అని అందులో మొర. దిమిత్రోవ్ ఎవరు? రైష్‌స్టాగ్ తగలబెట్టాడని నాజీలు లైప్‌జిగ్ కోర్టులో నిలబెడితే, అక్కడే నాజీ పెద్ద గోరింగ్‌ను ఎదురు ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసి, నిర్దోషిగా బయటపడ్డ బల్గేరియా వీరుడు. 1933 నాటికి జర్మన్ న్యాయస్థానంలో పాతకాలపు మర్యాద ఇంకా కొంత మిగిలుంది. కనుక ఒక కమ్యూనిస్టు హిట్లర్ రాజ్యపు కోర్టులో నిలబడి మాట్లాడగలిగాడు. అదే కమ్యూనిస్టు మాస్కో వచ్చి కామింటర్న్ పెద్ద అయ్యాక, తన సంస్థలోని మనుషులకు ఆ పాటి కోర్టు దక్కలేదు. ఈ ఒక్క సంగతి దగ్గర నా సిద్ధాంతాలన్నీ తడబడతాయి.

ఇంకో నొప్పి కూడా ఉంది. ఆ ఉత్తరానికి కొద్దివారాల ముందే దిమిత్రోవ్ ఏడో మహాసభలో పాత గీత చెరిపేశాడు. సోషల్ డెమోక్రాట్లతో కలవాలి, ఫాసిజం అసలు శత్రువు అన్నాడు. అంటే బ్రస్సెల్స్ బల్లను మళ్ళీ వేయమన్నాడు. ఆ బల్ల దగ్గర కూర్చున్న అనుభవం ఉన్నవాడు లెనిన్‌గ్రాడ్‌లో ఖాళీగా ఉన్నాడు, పిలవండి అని అడుగుతున్నాడు. ఎవరూ పిలవలేదు.

1937 జులై 15న వచ్చి పట్టుకున్నారు. ఆగస్టు 31న స్టాలిన్, మొలొతోవ్, మరికొందరు సంతకాలు పెట్టిన జాబితాలో ఆయన పేరుంది. వాళ్ళకది అనేక పేర్లలో ఒక పేరు. ఆ ఏడూ మరుసటి ఏడూ కలిపి సోవియట్ రికార్డుల ప్రకారమే 6,81,692 మందిని కాల్చారు. వాళ్ళలో అవనీ ముఖర్జీ ఉన్నాడు, లుహానీ ఉన్నాడు, ఇద్దరూ భారత విప్లవం కోసం ఇల్లు విడిచినవాళ్ళే. హిట్లర్ నుంచి తప్పించుకుని అక్కడికి చేరిన జర్మన్ కమ్యూనిస్టు నాయకులు హైంజ్ నోయ్‌మన్, రెమ్మెలె, ఎబర్‌లైన్ అదే దారి పట్టారు. నాజీలు చంపేటప్పుడు శత్రువు అని చంపారు. వీళ్ళను పట్టుకెళ్ళినవాళ్ళ గోడ మీద, వీళ్ళ ఇంటి గోడ మీద ఉన్నది ఒకటే పటం. దెబ్బకంటే ఆ అయోమయం ఎక్కువ బాధించి ఉంటుంది. ఏదో పొరపాటు జరిగింది, పైవాళ్ళకు తెలిస్తే ఆపుతారు అనుకుంటూ ఎంతమంది ఆ మెట్లు దిగారో.

నోయ్‌మన్ భార్య మార్గరెట్ కథ చెప్పకుండా ముందుకు పోలేను. భర్తను చంపాక ఆమెను కజకిస్తాన్‌లోని కరగండ శిబిరానికి తోలారు. 1939 ఆగస్టు 23న స్టాలిన్, హిట్లర్ ఒప్పందం చేసుకున్నారు. 1940లో సోవియట్ పోలీసులే ఆమెను తీసుకొచ్చి బ్రెస్ట్ వంతెన మీద జర్మన్ పోలీసులకు అప్పగించారు. అక్కణ్ణుంచి రావెన్స్‌బ్రూక్. రెండు శిబిరాలనూ బతికి దాటి, రెండింటి గురించీ పుస్తకం రాసింది. రెండు రాజ్యాల మధ్య దూరం ఆ రోజు ఒక వంతెన పొడవంతే ఉంది. సిద్ధాంతాల మధ్య దూరం అంతకంటే చాలా ఎక్కువ. ఎక్కువ కాబట్టే ఆ అప్పగింత అంత ఘోరం.

వీరేన్‌ను కాల్చిన సంగతి బయటి లోకానికి చెప్పలేదు. 1938 జులైలో, పట్టుకెళ్ళిన ఏడాదికి, నంబియార్ నెహ్రూకు ఉత్తరం రాశాడు, చట్టోను అరెస్టు చేశారట అని. కనుక్కునే ప్రయత్నం చేస్తానని నెహ్రూ జవాబిచ్చాడు. అప్పటికి పది నెలలు దాటింది. ఇద్దరు మిత్రులు చనిపోయిన మనిషిని కాపాడడం ఎలాగో ఆలోచించుకుంటున్నారు.

ఆ తరవాత హైదరాబాదు మీద ఆ రెండు నీడలూ వాటి వాటి రూపాల్లో పడ్డాయి. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ళు తగలబెట్టారు. 1948 ఆగస్టులో, వాళ్ళను ఎదిరించి రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపేశారు. ఎర్రజెండా పట్టిన సంఘం మనుషులు దొరల గడీలను ఎదిరించి భూములు పంచారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఎన్ని ఇళ్ళు దీపం లేక మిగిలాయో తెలంగాణకు తెలుసు. 1949 డిసెంబరు 31న, ఆ పల్లెల్లో భారత యూనియన్ సైన్యాలు తిరుగుతున్న రోజుల్లోనే, అప్పటికి ఉమ్ సయీద్ అని పిలిచే ఈ మెసయీద్ రేవు నుంచి ఖతర్ ముడిచమురు నింపుకున్న మొదటి ఓడ కదిలింది. ఆ పల్లెల మనవలే ఇవాళ ఇక్కడ పైపులు బిగిస్తున్నారు. వలస కూలీకి ఇక్కడ యూనియన్ లేదు. తాత ఏ జెండా పట్టాడని అడిగితే సగం మందికి తెలియదు.

1952 తొలి ఎన్నికల్లో సరోజినీ కొడుకు జయసూర్య మెదక్ నుంచి, కమ్యూనిస్టులు నిలబెట్టిన పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున లోక్‌సభకు గెలిచాడు. వీరేన్ చిన్న తమ్ముడు హరీంద్రనాథ్ విజయవాడ నుంచి కమ్యూనిస్టుల మద్దతుతో గెలిచాడు. అక్క 1949లోనే పోయింది. మెదక్‌లోనూ విజయవాడలోనూ చేతివేలికి సిరా గుర్తుతో బయటికొచ్చిన ఆ తెలుగువాళ్ళు ఓటు వేసింది ఒక నమ్మకానికి, అందులో అబద్ధమేమీ లేదు. వాళ్ళు గెలిపించిన ఇద్దరిలో ఒకరి మేనమామను, ఇంకొకరి పెద్దన్నను చంపమన్న జాబితా మీద సంతకం చేసినవాడు అప్పటికి క్రెమ్లిన్‌లో బతికే ఉన్నాడు. ఇంకో ఏడాది బతికాడు.